బూడిద చల్లారకముందే తీర్పా?

అయ్యా,

ఎక్కడ మంటలు లేచినా బూడిద చల్లారకముందే ‘షార్ట్ సర్క్యూట్’ అనో, ‘ఎవరో తగలబెట్టారు’ అనో తేల్చేస్తున్నారు. కరిగి పూసకట్టిన రాగి తీగ దొరికినంత మాత్రాన నిప్పు అక్కడే పుట్టినట్టు కాదు. బయటి మంటకు ఇన్సులేషన్ కాలినా తీగ అలాగే అవుతుంది. సన్నగా నెర్రెలిచ్చిన గాజును చూసి పెట్రోలు పోశారనేవారు ఒకప్పుడు. వేడి గాజుపై నీళ్లు పడితేనే అలా పగులుతుందని ప్రయోగాల్లో తేలింది. ఆ నమ్మకం మీద ఎన్ని కేసులు నడిచాయో!

కాలిన గుడ్డను గాలి చొరని డబ్బాలో సీలు చేసి ల్యాబుకు పంపాలి. మామూలు ప్లాస్టిక్ కవరులో వేస్తే పెట్రోలు ఆవిరి దారిలోనే ఎగిరిపోతుంది. తలుపు గడియ పెట్టి ఉందా, పొగ ముందు ఎటునుంచి వచ్చింది అన్నది మంటలార్పిన సిబ్బందికే తెలుస్తుంది. పోలీసులు వాళ్ల వాంగ్మూలం ఆ రోజే తీసుకోవాలి. శిథిలాలు ఎత్తిపోయడం ఆ తర్వాతే.

– ఒక పాఠకుడు