ఏది ఎక్కువ, ఏది తక్కువ: ఒకటో తరగతి తల్లిదండ్రులకు

అందరికీ నమస్కారమండి. ఈ వారం సంఖ్యల్ని పోల్చడం మొదలుపెట్టాం. 19, 21 పక్కపక్కన రాస్తే చాలామంది 19 పెద్దదన్నారు. 9 అంకె కంటికి ఆనుతుంది కదా! టెన్షన్ పడకండి, ఈ వయసులో మామూలే.

ఇంట్లో చీపురుపుల్లలు విరిచి, పదేసి పుల్లలకి ఒక రబ్బరు బ్యాండు వేయించండి. 19 అంటే ఒక కట్ట, తొమ్మిది విడి పుల్లలు. 21 అంటే రెండు కట్టలు, ఒక పుల్ల. ముందు కట్టలు చూడాలి, అవి సమానమైతేనే విడి పుల్లల సంగతి. కట్ట విప్పి లెక్కపెట్టుకుంటానంటే విప్పనివ్వండి, అదీ చదువే.

ఇంట్లో ఇంకా చిన్నవాళ్లుంటే అంకెలు వద్దు. ఆరేసి చింతగింజలు రెండు వరసలుగా పేర్చి, ఒక వరసలోని గింజల్ని దూరందూరంగా జరపండి. అందులోనే ఎక్కువున్నాయంటారు! స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాన్ పియాజే గమనించింది ఇదే. దిద్దకండి, గింజకి గింజ జత పెట్టించండి.

మొసలి నోరు గుర్తులు (<, >) తర్వాత నేర్పుకుందాం.

బస్సు నంబర్లు చదివించండి గానీ పోల్చించకండి. 400 నంబరు బస్సు 28 కన్నా పెద్దదేం కాదు, అవి పేర్లలాంటివి. పోలికకి మన విశాఖ ఎంవీపీ కాలనీ రైతుబజారులో ధరల బోర్డు బాగా పనికొస్తుంది. టమాటా రేటు ఎక్కువా, బెండకాయదా అని పిల్లల్నే అడగండి.

సోమవారం నలభై పుల్లలు, మూడు రబ్బరు బ్యాండ్లు పంపండి. చివర్లు గుచ్చుకోకుండా చూడండి.