అగోగోకు, ఆ తర్వాత మీ అందరికీ

ప్రభువు నామంలో మన నల్లగొండ సంఘస్థులందరికీ వందనాలు. మా చిన్నపాపను నిన్న సాయంత్రమే ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాము. తొమ్మిది రోజులుగా కంటి నిండా నిద్ర లేదు కాబట్టి ఈ మాటల్లో వరుస తప్పితే మన్నించండి. ఈ కృతజ్ఞతలు రేపటికి వాయిదా వేస్తే మాత్రం ఇక రాయలేనేమోనని భయంగా ఉంది.

నల్లగొండ నుంచి మేము మలావీ దేశంలోని జోంబాకు సువార్త సేవకు వచ్చి మూడేళ్లు కావస్తోంది. ఇక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానకాలం, దాని వెంటే మలేరియా. ఆరేళ్ల పాపకు వచ్చింది మామూలు జ్వరమే అనుకున్నాము. రెండో రాత్రి ఫిట్స్ వచ్చాయి, ఆసుపత్రికి చేర్చేసరికి హిమోగ్లోబిన్ 4.2కి పడిపోయింది. మలేరియా ముదిరినప్పుడు ఇచ్చే ఆర్టిసునేట్ ఇంజెక్షన్ వెంటనే ఒకటి, 12 గంటల తర్వాత ఒకటి, 24 గంటల తర్వాత మరొకటి ఇచ్చారు, రక్తం ఎక్కించారు. మా ఆయన, పెద్దబాబు ఊళ్లకు వెళ్లి ఉన్నారు, పెట్రోలు దొరకక రెండు రోజులు అక్కడే చిక్కుకుపోయారు. ఆ రెండు రోజులూ నేనొక్కదాన్నే.

ఇక్కడి పెద్దాసుపత్రుల్లో రోగి వెంట వచ్చినవాళ్లే తిండితిప్పలు చూసుకోవాలి. ఆవరణలో వంటకు ఒక షెడ్డు ఉంటుంది. కట్టెలు, గిన్నె, పిండి ఎవరివి వాళ్లు తెచ్చుకుంటారు. నా చేతిలో పాప తప్ప ఏమీ లేదు. పక్క మంచం మీద మనవడిని పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. మంగోచి వైపు నుంచి వచ్చిన యావో తెగ మనిషి, ముస్లిం. ఇక్కడి భాషలో అవ్వను ‘అగోగో’ అంటారు, నేనూ అలాగే పిలిచాను.

మొదటి రాత్రి పాప నా ఒడిలోనే వాంతి చేసుకుంది. నేను బిత్తరపోయి చూస్తుండగానే అగోగో తన నడుముకు చుట్టుకున్న చితెంజె గుడ్డ విప్పి, ‘పెపాని, పెపాని’ అని పాపను ఊరడిస్తూ ముఖం తుడిచింది, నా చీర తుడిచింది, నేల తుడిచింది. పెపాని అంటే ‘అయ్యో, పాపం’ అన్నట్టు. ఆ గుడ్డను బయట కుళాయి కింద ఉతికి కంచె మీద ఆరేసింది, తెల్లవారాక దాన్నే మళ్లీ చుట్టుకుంది. మా అమ్మ తప్ప మరెవరూ నాకు చేయని పని అది.

పొద్దున ఆమె నాకు మక్కపిండి జావ కాచి తెచ్చింది. మధ్యాహ్నం మళ్లీ తెచ్చింది, నేను తాగేదాకా ఎదురుగా కూర్చుని గిన్నె తీసుకుపోయింది. మీరూ తినండి అంటే నవ్వి ఊరుకుంది. సాయంత్రం చీకటి పడుతుండగా ఆమె ఒక ప్లాస్టిక్ మగ్గులో నీళ్లు పట్టుకుని, కళ్లు మూసుకుని, మొదటి గుక్క తాగడం చూశాను. అది రంజాన్ నెల. పొద్దంతా గొంతులో చుక్క నీళ్లు పడకుండా, ఆ పొయ్యి పొగలో కూర్చుని ఆమె నాకు జావ కాచింది. అంతవరకూ ఏడవని దాన్ని, అప్పుడు వరండాలోకి వెళ్లి గోడకు ఆనుకుని చాలాసేపు ఏడ్చాను. అదే రోజు నల్లగొండలో మీరందరూ మా పాప కోసం ఉపవాస ప్రార్థన పెట్టుకున్నారని తర్వాత తెలిసింది. ఆ రెండు ఉపవాసాల్లో ఒకదాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకోవడం నాకు చేతకావడం లేదు. మీలో కొందరికి ఈ మాట రుచించకపోవచ్చు.

1890లో అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు రష్యా నుంచి నల్లగొండకు సేవకు వచ్చిన సంగతి మనం చిన్నప్పటి నుంచి వింటున్నాము. వాళ్లు మనకు ఏమిచ్చారో చెప్పుకుంటాము. పరాయి ఊళ్లో వాళ్లకు జ్వరం వచ్చిన రాత్రి గంజి కాచి ఇచ్చిన మన అవ్వ ఒకరు ఉండే ఉంటుంది, ఆమె గురించి నేను ఏనాడూ ఆలోచించలేదు. ‘పిల్లను ఈ దేశానికి ఎందుకు తెచ్చాను’ అని దేవునితో పోట్లాడుతూ వచ్చినదాన్ని, ఆ జావ తాగిన తర్వాత ఆ పోట్లాట అలాగే ఉంది గానీ అందులో కోపం తగ్గింది.

మనవడికి నయమై మాకంటే ముందురోజు వెళ్లిపోతుంటే అగోగో చేతిలో డబ్బు పెట్టబోయాను. తీసుకోలేదు. బలవంతం చేస్తే ఒక సబ్బుబిళ్ల తీసుకుంది.

మా ఆయనకు, అత్తమ్మకు, అమ్మకు, చెల్లెలికి ఇక్కడ కృతజ్ఞతలు చెబితే కోప్పడతారు, కాబట్టి చెప్పడం లేదు.

మన సంఘస్థులు మూడు రోజుల్లో పోగుచేసిన డబ్బు సంగతి మాత్రం చెప్పాలి. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం ఒక మనిషి ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా విదేశానికి పంపుకోవచ్చు; మనది అందులో వందో వంతు కూడా కాదు. చెల్లెలు పాన్ కార్డు, విదేశానికి డబ్బు పంపడానికి నింపే ఏ-2 ఫారం పట్టుకుని బ్యాంకుకు వెళితే, అది ఏ పర్పస్ కోడ్ (డబ్బు ఎందుకు పంపుతున్నామో చెప్పే నంబరు) కిందికి వస్తుందో పైవాళ్లను అడగాలన్నారు, మర్నాడు రమ్మన్నారు, ఆ మర్నాడు సారు సెలవన్నారు. పాప డిశ్చార్జి అయ్యే రోజున డబ్బు చేరింది. బ్యాంకు పేరు చెప్పను. కానీ ఒక సొంత అక్క బిడ్డ మందులకు పంపే డబ్బుకు ఇన్ని తిప్పలు ఎందుకో ఎవరైనా తెలిసినవాళ్లు చెప్పండి.

అయ్యో, ఆ రోజుల్లో మందులు కొన్నది బజారులోని గుజరాతీ దుకాణదారు ఇచ్చిన అప్పుతోనే. కాగితం కూడా రాయించుకోలేదు. రక్తమిచ్చిన కాలేజీ కుర్రవాడికి వందనాలు, పేరడిగే లోపే వెళ్లిపోయాడు. రాత్రి డ్యూటీ నర్సమ్మలకు కూడా. నల్లగొండలో మా అమ్మను రోజూ ప్రార్థన కూటానికి తీసుకెళ్లి దింపిన ఆటో తమ్ముడికీ.

వంట షెడ్డులో నాకు గిన్నె ఎరువిచ్చిన ఒక తల్లి ఉంది. ఆమె గిన్నె ఇచ్చేశాను, మూత పొరపాటున మా సామానులో వచ్చేసింది. రేపు పొద్దున్నే మా ఆయన దాన్ని తీసుకుని వెళుతున్నారు.