తిరుగు బస్సు టైమ్ రాసి పెట్టించండి: రవాణా మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఈ లేఖలో సగం అటవీ శాఖ మంత్రి గారికి కూడా వర్తిస్తుంది. మీరిద్దరూ ఒకే సచివాలయంలో కూర్చుంటారు కాబట్టి విడిగా ఇంకో లేఖ రాయడం లేదు.

నేను ఆదివారాలు అడవుల్లో, చెరువుగట్ల మీద నడిచే మనిషిని. కారు లేదు, కొనే ఆలోచనా లేదు. ఎర్రబస్సు ఎక్కడ దింపితే అక్కడి నుంచి నా నడక మొదలవుతుంది. అందుకే కొత్త రిసార్టులూ రోప్‌వేలూ అడగను. మన అడవులూ చెరువులూ చాలావరకు ఇప్పటికే బస్సు రూట్ల మీదే ఉన్నాయి. అడవిలోకి వెళ్లినవాడు చీకటి పడేలోగా ఇల్లు చేరతాడన్న భరోసా ఒక్కటే లేదు. అడిగేది అదే.

అనంతగిరినే తీసుకోండి. హైదరాబాద్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ మీదుగా వికారాబాద్‌కి 75 కిలోమీటర్ల పైచిలుకు. తాండూరు బస్సయితే ఊరు దాటి ఘాట్ ఎక్కుతుంది. ఆ మలుపుల్లోనే అడవి. మూసీ పుట్టేది ఆ కొండల్లోనే. గుడికి తిరిగే మలుపు దగ్గర ఆపమంటే కండక్టర్లు కాదనరు, ఆ మంచితనానికి దండం పెట్టాలి. దిగాక పది నిమిషాలు లోపలికి నడిస్తే చాలు, హారన్ల మోత వినిపించదు. వానాకాలంలో కాలికింద ఎర్రమట్టి జారుతుంది, మద్ది చెట్ల మొదళ్లకు నాచు పడుతుంది, మోదుగాకు మీద నీళ్లు నిలిచి ఉంటాయి. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి అదే అడవి ఆకు రాల్చి ఎండు చప్పుడు చేస్తుంది. అదీ బాగుంటుంది గానీ, నిప్పుకు భయపడాల్సిన కాలం.

ఇబ్బందల్లా సాయంత్రం వస్తుంది. వెనక్కి వెళ్లే బస్సు ఎన్నింటికి? ఏ స్తంభం మీదా రాసి ఉండదు. చెప్పేది టీ బండి అతనే. "ఇప్పుడే ఒకటి పోయింది సార్, ఇంకోటి వస్తది" అంటాడు. ఎప్పుడో మాత్రం ఆయనకూ తెలియదు. ఆడపిల్లలు నలుగురు కలిసి వస్తే నాలుగింటికే వాచీలు చూసుకోవడం మొదలవుతుంది. నాతో నడవడానికి వస్తామనే ఆడవాళ్లెవరూ అక్కడ వ్యూపాయింట్ ఎలా ఉంటుందని ముందుగా అడగరు. బాత్‌రూమ్ ఉందా, చీకటి పడేలోగా బస్సు ఉందా అని అడుగుతారు. మొదటిదానికి అటవీ శాఖ, రెండోదానికి మీ శాఖ జవాబు చెప్పాలి.

2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేదు. పుట్టింటికీ గుడికీ ఆసుపత్రికీ వెళ్లడానికి జీరో టికెట్ ఎంత ఉపయోగపడుతోందో మీకు నేను చెప్పక్కర్లేదు. అదే టికెట్ మీద ఒక ఇంటావిడ తన స్నేహితురాళ్లతో కలిసి, ఏ పనీ లేకుండా, ఊరికే అడవిలో నడిచి రావచ్చు. మన ఇళ్లలో ఆడవాళ్లకు "ఊరికే" వెళ్లడం అనేది ఎంత అరుదో ఆలోచించండి. మీ పథకం ఆ దారి సగం తెరిచింది. మిగతా సగం ఆ తిరుగు బస్సు దగ్గర ఆగింది.

బస్సు నమ్మకం లేక జనం కార్లలో వస్తున్నారు. వానాకాలం ఆదివారం అనంతగిరి ఘాట్ ఒకసారి చూడండి. రోడ్డుకు రెండు వైపులా బళ్లు, మధ్యలో కంకులు కాల్చే బండ్లు, వాటి చుట్టూ కోతులు, వీటన్నిటి నడుమ ఇరుక్కున్న తాండూరు బస్సు. కారులో వచ్చినవాళ్లలో చాలామంది కారు కనబడే దూరం దాటి అడుగు వెయ్యరు. ఫొటో దిగి, సీసా పొదల్లోకి విసిరి వెళ్లిపోతారు. పైగా ఆ చేవెళ్ల రోడ్డు సంగతి మీకు తెలియనిది కాదు. 2025 నవంబర్‌లో మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఢీకొన్నది తాండూరు నుంచి వస్తున్న బస్సునే. ఆ రోడ్డు మీద ఎన్ని కార్లు తగ్గితే అంత మేలు.

ఇదంతా మన ఆర్టీసీలకు చేతకాని పనేమీ కాదు. తిరుమల చూడండి. అలిపిరి దగ్గర మొదలుపెట్టి 3,550 మెట్లు ఎక్కినవాళ్లు దర్శనం చేసుకుని బస్సులో కొండ దిగుతారు. దిగడం గురించి ఎవరికీ టెన్షన్ లేదు, బస్సు ఉంటుందని అందరికీ తెలుసు. మన దగ్గర మేడారం జాతరకు అడవి మధ్యకు వేల బస్సులు నడుపుతారు. చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం తెరిచే ఆ కొద్ది రోజులూ, "వస్తున్నం లింగమయ్యా" అంటూ రాళ్లూ లోయలూ దాటి నడిచే జనానికి అటవీ శాఖ దారి చూపిస్తుంది, ఆర్టీసీ బస్సులు వేస్తుంది. అంటే రెండు శాఖలకూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం వచ్చు. దేవుడి పేరు మీద వచ్చిన ఈ అలవాటు మామూలు ఆదివారానికి కూడా వస్తే బాగుండును.

చిలుకూరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 108 ప్రదక్షిణలు చేసి బస్సెక్కే జనానికి, ఆ దగ్గర్లోనే 1994లో జాతీయ పార్కుగా ప్రకటించిన మృగవని ఉందని బస్టాప్‌లో ఒక్క బోర్డయినా చెప్పాలి కదా.

చెరువుల విషయానికొస్తే మనం మరీ అదృష్టవంతులం. మెదక్ వెళ్లే బస్సు నర్సాపూర్ అడవి మధ్య నుంచే పోతుంది. మెదక్ దాటి ఎల్లారెడ్డి వైపు వెళ్తే పోచారం. 1916–22 మధ్య కట్టిన ఆనకట్ట, పక్కనే అభయారణ్యం. అలుగు పారినప్పుడు జనం విరగబడతారు, మిగతా రోజుల్లో కొంగలు తప్ప ఎవరూ ఉండరు. నడవాల్సింది ఆ మిగతా రోజుల్లోనే. గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో తవ్వించిన పాఖాల చెరువుకు నర్సంపేట నుంచి పది పన్నెండు కిలోమీటర్లు. వరంగల్ నుంచి నర్సంపేట దాకా బస్సులకు కొదవ లేదు. ఆ చివరి ముక్క దగ్గరే ఆటో బేరం మొదలవుతుంది. లక్నవరంలోనూ ఇదే కథ: హైవే దాకా బస్సు, అక్కడి నుంచి ఆటోవాలా దయ. పొద్దున ఒకటి, సాయంత్రం రెండు బస్సులు ఆ ముక్క దాటించి చెరువు దాకా వస్తే సరిపోతుంది.

అన్ని అడవులూ తెరవమని మాత్రం అనడం లేదు. అమ్రాబాద్ పులుల అడవి పులులకే ఉండనివ్వండి. రాత్రి తొమ్మిది తర్వాత శ్రీశైలం దారి మూసేస్తున్నారు, మంచి పని. ఎండాకాలం మంటలు అంటుకునే రోజుల్లో అనంతగిరి కాలిబాటలు కూడా మూసేయండి, ఎవరూ ఏమీ అనరు. వికారాబాద్ జిల్లాలో దామగుండం దగ్గర 2,900 ఎకరాల అడవి నేవీ రేడియో కేంద్రానికి పోయింది. మిగిలినదాన్ని జనం కాలినడకన చూసి మాలిమి చేసుకుంటే, రేపు దానికోసం మాట్లాడేవాళ్లయినా ఉంటారు.

కాబట్టి ఈ వానాకాలానికి అనంతగిరి ఒక్కటి చేసి చూడండి. వికారాబాద్ స్టేషన్‌లో రైలు దిగినవాళ్లను కూడా ఎక్కించుకుంటూ గుడి దాకా, అక్కడి నుంచి కోట్‌పల్లి ప్రాజెక్టు దాకా ఆదివారాల్లో ఒక బస్సు తిప్పండి. అటవీ శాఖ వారు ఒక కాలిబాటకు రంగు గుర్తులు పెట్టించాలి. ఒక స్టాప్‌లో దిగినవాళ్లు నడిచి నడిచి ఇంకో స్టాప్‌లో తేలేలా ఆ బాట ఉంటే, వచ్చిన దారినే వెనక్కి నడవక్కర్లేదు. పెద్ద ఖర్చేమీ కాదు, రెండు డబ్బాల పెయింటు, పొద్దుగూకే దాకా తాళం వెయ్యని ఒక టాయిలెట్. గుడి మలుపులో ఒక రేకు బోర్డు కూడా కావాలి. దాని మీద రాయాల్సింది ఇంతే:

అనంతగిరి కాలిబాట
వికారాబాద్ వైపు చివరి బస్సు: సాయంత్రం ........

ఆ చుక్కల్లో ఒక టైమ్ వేయించండి. వేసిన టైమ్‌కి బస్సు పంపించండి.

ఇట్లు,
తాండూరు బస్సులో కిటికీ సీటు కోసం పోటీపడే ఒక ప్రయాణికుడు