చెవికి యంత్రం అందింది, మాట అందుతోందా?

సంపాదకులకు నమస్కారం.

దివ్యాంగ విద్యార్థులకు ఉపకరణాలు పంపిణీ చేసే శిబిరం జరిగిన ప్రతిసారీ మరునాడు జిల్లా పేజీలో ఒక ఫొటో వస్తుంది. అందులో అధికారి చేతుల మీదుగా వినికిడి యంత్రం అందుకుంటున్న పిల్లవాడు, పక్కనే తల్లి ఉంటారు. ఆ సాయం ఎంతో అవసరమైనది. అయితే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలోనూ, చుట్టుపక్కల బడుల్లోనూ వినికిడి లోపమున్న పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయురాలిగా నాదొక ప్రశ్న. ఆ యంత్రం పెట్టుకున్న తర్వాత తరగతిలో పిల్లవాడికి మాట ఎంతవరకు తెలుస్తోందో ఎవరు పరీక్షిస్తున్నారు?

శబ్దం వినబడడం వేరు, మాట తెలియడం వేరు. మన మాటల్లో అచ్చులు బిగ్గరగా, తక్కువ పౌనఃపున్యాల్లో (ఫ్రీక్వెన్సీల్లో) పలుకుతాయి. స, శ, చ, త వంటి హల్లులను గుర్తుపట్టడానికి కావలసిన ధ్వని మాత్రం మెల్లగా, ఎక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది, చాలామంది పిల్లల్లో లోపం కూడా అక్కడే ఎక్కువ. పేరు పెట్టి పిలిస్తే చటుక్కున తిరిగి చూసే పిల్ల ముందు నేను పాలు, కాలు, తల్లి, బల్లి బొమ్మలు పరిచి, నా పెదవులు కనబడకుండా కాగితం అడ్డం పెట్టుకొని ‘కాలు’ అంటాను. చాలాసార్లు ఆ పిల్ల చెయ్యి పాలగ్లాసు మీదికి వెళుతుంది. కాగితం తీసేస్తే తడుముకోకుండా సరైన బొమ్మ చూపిస్తుంది. బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పే ఉపాధ్యాయుడి నోరు ఆ పిల్లకు కనబడదు కాబట్టి, ఏ పూటకాపూట సగం మాటలు ఊహించుకుంటూ కూర్చుంటుంది. ‘పిలిస్తే పలుకుతుంది కదా, ఇది చెవుడు కాదు, మొండితనం’ అనే మాట ఇలాంటి పిల్లల గురించి నేను ఇప్పటికీ వింటున్నాను, ప్రతిసారీ నా మనసు కష్టపడుతుంది.

ఈ లోటును తగ్గించే సాంకేతికత ఉంది. ఇప్పటి డిజిటల్ యంత్రాలు అన్ని శబ్దాలనూ ఒకే తీరుగా పెంచవు. మెల్లని ధ్వనిని ఎక్కువగా, పెద్ద ధ్వనిని తక్కువగా పెంచుతాయి, ఏ పౌనఃపున్యాన్ని ఎంత పెంచాలో ఆడియాలజిస్టు, అంటే వినికిడి నిపుణులు, ఆ పిల్ల ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష పటం) చూసి కంప్యూటరులో అమరుస్తారు. పిల్లల చెవి నాళం చిన్నది కావడం వల్ల అదే యంత్రం పెద్దవారి చెవిలోకన్నా వారి చెవిలో ఎక్కువ ధ్వని పీడనం కలిగిస్తుంది. అందుకే కెనడాలోని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో పిల్లలను దృష్టిలో పెట్టుకొని ఏ ధ్వనిని ఎంత పెంచాలో లెక్కగట్టే డీఎస్ఎల్ అనే సూత్రాన్ని రూపొందించారు. చెవిలోకి సన్నని గొట్టం పంపి, అక్కడికి నిజంగా ఎంత ధ్వని చేరుతోందో కొలిచి చూసుకోవాలని కూడా చెబుతారు. వరసలో నిలబెట్టి పెట్టెలు చేతికిచ్చే పద్ధతిలో ఇంత ఓపికైన పని ఎలా సాధ్యమవుతుంది?

తర్వాతి ఇబ్బందులు ఇంట్లో మొదలవుతాయి. పిల్ల ఎదిగేకొద్దీ చెవి కొలతకు చేసిన ఇయర్ మోల్డ్ (యంత్రాన్ని చెవిలో బిగించే అచ్చు) వదులవుతుంది, వదులైతే యంత్రం ఈల వేస్తుంది, ఆ ఈల భరించలేక ఇంట్లోవాళ్లు వాల్యూమ్ తగ్గించేస్తారు, దాంతో ముందే అందీ అందని హల్లులు పూర్తిగా పోతాయి. చిన్న పిల్లలకు కొన్ని నెలలకొకసారి కొత్త మోల్డ్ కావాలి. యంత్రాన్ని నడిపే బ్యాటరీ సెల్లు సంగతీ అంతే. గాలి తగిలితే పనిచేసే ఈ జింక్ ఎయిర్ సెల్లు స్టిక్కర్ తీసిన దగ్గర నుంచి వాడినా వాడకపోయినా అరిగిపోతూనే ఉంటుంది. కూలికి వెళ్లే తల్లి దాని కోసం పట్నం దాకా ఎన్నిసార్లు తిరగగలదు?

అన్నీ సక్రమంగా ఉన్నా, తరగతి గది మరో పరీక్ష పెడుతుంది. దూరం రెట్టింపైన కొద్దీ నేరుగా వచ్చే ధ్వని 6 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. ఉపాధ్యాయుడి నుంచి ఒక మీటరు దూరంలో ఉన్న స్వరం నాలుగు మీటర్ల దూరంలోని బల్ల దగ్గరకు వచ్చేసరికి 12 డెసిబెల్స్ తగ్గి, గోడల ప్రతిధ్వనితో కలిసి అలుక్కుపోతుంది. ఖాళీ తరగతి గదిలో రొద 35 డెసిబెల్స్ దాటకూడదని అమెరికా ప్రమాణం చెబుతుంది. మన రేకుల కప్పులు, బండల గచ్చు, పక్క గదిలోని ఎక్కాల మోత తెలిసినవారు ఆ అంకెకు మనం ఎంత దూరంలో ఉన్నామో ఊహించగలరు. యంత్రంలో ఎదుటి వైపు ధ్వనిని ఎక్కువగా పట్టుకొనే దిశాత్మక మైక్రోఫోన్లు కొంత ఆదుకుంటాయి గాని, చుట్టూ ఉన్న పిల్లల మాటలను వేరు చేయలేవు. ఉపాధ్యాయుడు మెడలో వేసుకొనే రిమోట్ మైక్రోఫోన్ మాత్రం ఆయన గొంతును రేడియో తరంగాల ద్వారా నేరుగా పిల్ల యంత్రానికి చేరవేస్తుంది, దూరాన్నీ రొదనూ ఒకేసారి దాటిస్తుంది. నేను తిరిగే బడుల్లో అలాంటిది ఒక్కటీ లేదు. కాక్లియర్ ఇంప్లాంట్ (శస్త్రచికిత్సతో లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) చేయించుకున్న పిల్లలకూ ఇది అంతే అవసరం.

చట్టం నిర్వచనం వల్ల అసలు లెక్కలోకే రాని పిల్లలు మరికొందరున్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్, ఆపైన లోపం ఉన్నవారినే గుర్తిస్తుంది. 45 డెసిబెల్స్ లోపం ఉన్న పిల్ల ఎదురుగా కూర్చొని చెబితే వింటుంది, గది అవతలి నుంచి చెప్పిన పాఠం ఆమెకు అందదు, దివ్యాంగ ధ్రువపత్రమూ రాదు.

ప్రతి ఉదయం బడిలో రెండు నిమిషాల పని ఒకటి ఉంది. వినికిడి లోపమున్న పిల్లల విద్యలో నిపుణుడైన డేనియల్ లింగ్ సూచించిన ఆరు ధ్వనులను, అంటే ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అనే వాటిని, నోరు చూపకుండా పలికి పిల్ల చేత తిరిగి పలికించాలి. ‘స్’ వినబడని రోజున సెల్లో, మోల్డో, అమరికో చూడాలని తెలిసిపోతుంది. ఈ పరీక్షను ప్రతి సాధారణ ఉపాధ్యాయుడికీ నేర్పాలనీ, యంత్రం ఇచ్చిన నెలలోపు ఆడియాలజిస్టు పిల్లను మళ్లీ చూసి రొదలో తెలుగు మాటలు ఎన్ని గుర్తుపడుతోందో నమోదు చేయాలనీ, మోల్డులు, సెల్లులు మండల కేంద్రంలోనే దొరికేలా చూడాలనీ, ఈ పిల్లలున్న ప్రతి తరగతికీ రిమోట్ మైక్రోఫోన్ సమకూర్చాలనీ రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. వచ్చే విద్యా సంవత్సరపు శిబిరాల తేదీలు ఖరారు చేసేటప్పుడే, పంపిణీ జాబితా పక్కన ఈ ఖర్చునూ చూపించాలని నా విన్నపం.

భవదీయురాలు,
ఒక ప్రత్యేక ఉపాధ్యాయురాలు,
విజయనగరం జిల్లా.