పాలపొడి ప్రకటన కంటే ముందు నర్సు జవాబు చేరాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

పసిపిల్లల పోషణకు డిజిటల్ సాంకేతికతను వాడాలన్న మాట ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. పసిపిల్లల వార్డులో ఏళ్ల తరబడి నర్సుగా పనిచేసిన నాకు అది సంతోషమే. అయితే ఆ చర్చ యాప్ ఎంత అందంగా ఉంది, ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారు అన్న దగ్గరే ఆగిపోతోంది. బాలింత చేతిలో ఉన్న ఫోన్‌లోకి పాలపొడి కంపెనీలు ఎప్పుడో చేరిపోయాయి. మన ఆరోగ్య వ్యవస్థ అక్కడికి ఏ వేళకు, ఎవరి ద్వారా చేరుతుందో ముందు తేల్చుకోవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 జనవరి నుంచి జూన్ వరకు పసిపిల్లల పోషణపై సోషల్ మీడియాలో వచ్చిన 40 లక్షల పోస్టులను పరిశీలించి, 2022లో నివేదిక ఇచ్చింది. పాలపొడి బ్రాండ్ల ఖాతాలు రోజుకు దాదాపు 90 పోస్టులు పెడుతున్నాయని, 22.9 కోట్ల మందికి చేరాయని అందులో ఉంది. యాప్‌లు, బేబీ క్లబ్బులు, సలహాల హెల్ప్‌లైన్లు, డబ్బు పుచ్చుకుని మాట్లాడే ఇన్‌ఫ్లుయెన్సర్లు: చాలావాటిని చూస్తే ప్రకటన అని కూడా అనిపించదు. తల్లిపాలకు బదులుగా అమ్మే వాటికి జనంలో ప్రచారం చేయకూడదని 1981లోనే అంతర్జాతీయ నియమావళి వచ్చింది. ఫోన్లలో సాగే ప్రచారాన్ని కట్టడి చేయాలని ఆ సంస్థ సభ్యదేశాలు కూర్చునే ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానించడానికి 2025 మే దాకా పట్టింది.

ఈ ప్రచారం ఎక్కడ దెబ్బతీస్తుందో వార్డులో పనిచేసినవాళ్లకు తెలుసు. కాన్పయిన రెండో రాత్రో మూడో రాత్రో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. కాసేపటి క్రితమే తాగింది, మళ్లీ రొమ్ము కోసం వెతుక్కుంటుంది. పక్కనున్నవాళ్లు ‘పాలు చాలడం లేదేమో’ అంటారు. అప్పటికి వచ్చేవి ముర్రుపాలు, చెంచాల లెక్కే. అంత చిన్న పొట్టకు మామూలుగా అవి సరిపోతాయి. మొదటి రోజుల్లో బరువు కాస్త తగ్గడం సహజం, చాలామంది పిల్లలు రెండు వారాల్లో పుట్టినప్పటి బరువును మళ్లీ అందుకుంటారు. ఇదంతా పగలు చెబితే తల్లి తలూపుతుంది. రాత్రి రెండింటికి భయం మళ్లీ మొదలై ఫోన్‌లో వెతుకుతుంది, డబ్బా బొమ్మ ఎదురవుతుంది. సీసా పాలతో పొట్ట నిండిన బిడ్డ హాయిగా నిద్రపోతుంది, ఆ పూట రొమ్ము చీకదు. చీకకపోతే పాలు ఊరడం తగ్గుతుంది. నాలుగు రోజులు ఇలాగే గడిస్తే, లేని కొరత నిజంగానే వచ్చిపడుతుంది.

సాంకేతికత చేయగలిగిన మేలు సరిగ్గా ఆ వేళకే కావాలి. ‘తల్లిపాలు శ్రేష్ఠం’ అని పొద్దున్నే వచ్చే మెసేజ్‌తో ఆ తల్లికి ఒరిగేదేమీ లేదు, ఆ సంగతి ఆమెకు తెలుసు. బిడ్డ రోజుకు ఎన్నిసార్లు మూత్రం పోస్తోంది, గుటక వేస్తున్న చప్పుడు వినిపిస్తోందా, పట్టేటప్పుడు చనుమొన నొప్పి పెడుతోందా అని ఎవరైనా అడగాలి. నోరు బాగా తెరిపించి, చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లేలా, గడ్డం రొమ్ముకు ఆనేలా ఎలా పట్టాలో చిన్న వీడియో చూపించాలి. అప్పటికీ కుదరకపోతే వీడియో కాల్‌లో నర్సు చూసి సరిచేయాలి. బిడ్డ పాలు తాగడం మానేసినా, మగతగా పడి ఉన్నా, ఒళ్లు కాలుతున్నా, మెసేజ్‌లకు తనంతట తానే జవాబిచ్చే చాట్‌బాట్ కబుర్లు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లమనాలి. ఇంత బాధ్యతను యంత్రం ఒక్కదానికే వదిలేయడానికి నేను ఒప్పుకోను.

ఇది అయ్యే పనే. దక్షిణాఫ్రికా ఆరోగ్య శాఖ 2014లో మామ్‌కనెక్ట్ అనే ఫోన్ సేవను ప్రారంభించింది. మామూలు ఫోన్ ఉన్న గర్భిణి కూడా ఉచితంగా చేరవచ్చు, 11 అధికార భాషల్లో మెసేజ్‌లు వస్తాయి, తిరిగి ప్రశ్న అడిగితే హెల్ప్‌డెస్క్ జవాబిస్తుంది. నాకు అందులో అన్నిటికంటే నచ్చింది ఆ తిరిగి అడిగే వీలే.

ఇంకో విషయం పైకి చిన్నదిగా కనిపిస్తుంది. బరువు నమోదు చేసుకునే యాప్‌లు ఏ ఎదుగుదల పట్టికతో పోలుస్తున్నాయి? పూర్వపు పట్టికలు చాలావరకు డబ్బా పాలు తాగిన పిల్లల కొలతలతో తయారైనవి. వాటి పక్కన తల్లిపాలు తాగే బిడ్డ కొన్ని నెలలకే వెనకబడినట్టు కనిపించేది, దాంతో లేని కంగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు దేశాల్లో తల్లిపాలు తాగిన పిల్లలను కొలిచి 2006లో కొత్త ప్రమాణాలు ఇచ్చింది. యాప్‌లో అవే ఉండాలి. ఆరు నెలలు నిండాక మెత్తని ఆహారం మొదలుపెట్టమని గుర్తుచేయడానికీ, ఎంత చిక్కగా, రోజుకు ఎన్నిసార్లు పెట్టాలో చూపడానికీ ఫోన్ బాగా పనికొస్తుంది.

వైద్య కారణాల వల్ల పాలపొడి తప్పని తల్లులున్నారు. వాళ్లను తప్పుచేసినట్టు చూడకూడదు. కాచిన నీళ్లు 70 డిగ్రీలకు తగ్గకముందే పొడి కలపాలనీ, బిడ్డకు పట్టేముందు చల్లార్చాలనీ వాళ్లకూ ఆ నర్సే చెప్పాలి. ఆ మాట కంపెనీ నోటి నుంచి రానక్కర్లేదు.

కాన్పు తేదీ, బిడ్డ బరువు, తల్లి నంబరు పాలపొడి అమ్ముకునేవాళ్లకు బంగారం. అందుకే ఇలాంటి సేవకు ఆ కంపెనీల డబ్బు ముట్టకూడదు, వివరాలు ఎవరికీ అమ్మకూడదు. చదువురాని తల్లికి మాటల్లో జవాబు రావాలి. ఫోన్ భర్త దగ్గరే ఉండే ఇళ్లలో మెసేజ్ అతన్ని కూడా పలకరించాలి, రాత్రి బిడ్డను ఎత్తుకోవాల్సింది అతనూ కదా. కాగితంలో రాసిందే మళ్లీ ఫోన్‌లో ఎక్కించే చాకిరీ ఆరోగ్య కార్యకర్తలకు పెట్టకూడదు.

ఇలాంటి యాప్ ఏదైనా ప్రారంభమైన రోజున, రాత్రి డ్యూటీలో ఆ ఫోన్ ఎత్తే నర్సుల జీతాలకు బడ్జెట్‌లో ఎంత కేటాయించారో మీ విలేకరులు అడిగి, వచ్చిన జవాబును ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సు