ఉమ్మడి సంచికి ముందే రాతకోతలు

సంపాదకులకు నమస్కారం.

నాలుగైదు క్రైస్తవ కుటుంబాలు చిన్న పట్టణంలో దగ్గరదగ్గరగా ఇళ్లు తీసుకుని, ఉన్నది పంచుకుంటూ నిరాడంబరంగా బతకాలనుకోవడం మంచి ఆలోచన. తొలి విశ్వాసులు ఉన్నదంతా ఉమ్మడిగా వాడుకున్నారని చెప్పే బైబిల్లోని అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం చదివిన ఉత్సాహంతో మొదలుపెట్టేవాళ్లు 6వ అధ్యాయం దాకా చదవాలని మా విన్నపం. యెరూషలేము సంఘంలో సణుగుడు పుట్టింది రోజువారీ పంపకం దగ్గర. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు సరిగా అందలేదు. అపొస్తలులు సర్దుకుపొమ్మనలేదు, ఆ పనికే ఏడుగురిని నియమింపజేశారు.

మొదటి రోజే ఆస్తులు కలపకండి. తొలి ఏడాది ఎవరి జీతం, ఎవరి ఖాతా వాళ్లవే. ఇంటింటి రాబడిలో పదో వంతు ఉమ్మడి సంచిలోకి వస్తే చాలు. అందరికీ ఒకే మొత్తం పెడితే తక్కువ రాబడి ఉన్న ఇల్లు నలిగిపోతుంది, పైకి చెప్పుకోలేదు. డబ్బు తీయడానికి రెండు సంతకాలు, వేర్వేరు ఇళ్లవాళ్లవి. పద్దు వారం వారం అందరి ముందూ చదవాలి. విడిపోయే కుటుంబానికి ఏమిస్తారో, ఎన్ని నెలల్లో ఇస్తారో కలిసిన రోజే రాసుకోవాలి. ఇది అపనమ్మకం కాదు. అదే గ్రంథం 5వ అధ్యాయంలో, పొలం అమ్మి సొమ్ములో కొంత దాచుకున్న అననీయ అనే విశ్వాసిని, అమ్మకముందు పొలమూ, అమ్మాక సొమ్మూ నీవే కదా అని అపొస్తలుడైన పేతురు అడిగాడు. అతని తప్పు కొంత ఉంచుకోవడం కాదు, అంతా ఇచ్చానని అబద్ధమాడటం.

6వ శతాబ్దంలో క్రైస్తవ సన్యాసి బెనెడిక్ట్ రాసిన మఠ నియమావళిలో కొత్తవాళ్లకు ఏడాది గడువుంది. మొదట 2 నెలలకు, ఆపై 6 నెలలకు, మరో 4 నెలలకు నియమాలన్నీ చదివి వినిపించి, ఉంటావా వెళ్తావా అని అడుగుతారు. కుటుంబాలకూ అంత గడువు కావాలి.

ఆ నియమావళి 32వ అధ్యాయం పనిముట్ల గురించి. ఇచ్చినవీ తిరిగొచ్చినవీ మఠాధిపతి జాబితాలో ఉండాలి, మురికిగా వాడినవాణ్ణి మందలించాలి. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. అరువు తీసుకున్న పారను మట్టితోనే గోడకు ఆనిస్తే అంచు తుప్పు పడుతుంది, పిడి దిగిన చోట చెమ్మ నిలిచి కర్ర పుచ్చుతుంది. రెండుసార్లు ఇలా జరిగితే ఎవరి పార వాళ్లు కొనుక్కుంటారు. ఐదిళ్లకు ఐదు పారలు, ఐదు నిచ్చెనలు వచ్చాక పంచుకునే బతుకు పేరుకే మిగులుతుంది. కడిగి, తుడిచి, తేదీ రాసి తిరిగివ్వాలన్న నియమం ఒక్కటి పెట్టుకోండి.

ఉమ్మడి భోజనాలు వారానికి రెండు చాలు. వంట, అంట్లు, ఊడ్పు వంతుల్లో మగవాళ్ల పేర్లూ ఉండాలి. లేకపోతే సహవాసం బరువంతా ఆడవాళ్ల నడుం మీదే పడుతుంది. ఇది మేం గట్టిగా చెబుతున్న మాట.

మనసు నొచ్చితే మత్తయి 18వ అధ్యాయం చెప్పిన వరుసే: ముందు ఇద్దరి మధ్య, తర్వాత ఒకరిద్దరు సాక్షులతో, ఆ తర్వాతే అందరి ముందు. చాలా చోట్ల ఈ వరుస తిరగబడుతుంది, నొప్పించినవాడికే కబురు ఆఖరున చేరుతుంది.

ఊళ్లో ఉన్న సంఘాన్ని వదిలి వేరు ఆరాధన పెట్టుకోకండి. ఉమ్మడి నిచ్చెనను పక్కింటివాళ్లు ఏ మతంవాళ్లయినా అడిగితే ఇవ్వండి, పుస్తకంలో పేరు రాసుకుని.

– ఉమ్మడి జీవన సహవాస సభ్యులు