ఏటి ఒడ్డు పబ్బు మూతపడితే మనకేంటి అనుకోవద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

ఆక్స్‌ఫర్డ్ దగ్గర, థేమ్స్ ఒడ్డున, మా పక్క ఊళ్ళో ఉన్న పబ్బును ఇళ్ళుగా మార్చడానికి అనుమతి ఇమ్మని యజమానులు కౌన్సిల్‌కి (ఇక్కడి స్థానిక ప్రభుత్వానికి) అర్జీ పెట్టుకున్నారు. ఆ ఊళ్ళో పోస్టాఫీసు ఎప్పుడో పోయింది. బడి లేదు. పదిమందీ కూర్చునే చోటంటూ మిగిలింది చర్చీ, ఈ పబ్బూ. బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళు మీ పత్రిక చదువుతారు కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను. ఇది ఇక్కడివాళ్ళ గొడవ, మనకెందుకని మనం తప్పుకోకూడదని నా మనవి.

పబ్బు అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది జూబ్లీహిల్స్, డీజే మోత, గుమ్మం దగ్గర బౌన్సర్లు. కిందటి వేసవిలో ధవళేశ్వరం నుంచి వచ్చిన మా అత్తయ్యగారు కూడా ఆదివారం భోజనం అక్కడ అనేసరికి "పిల్లల్ని తీసుకుని తాగే చోటికా?" అని ఆగిపోయారు. ఆవిడ సంకోచాన్ని నేను కొట్టిపారేయను. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించి రాష్ట్రాన్నే కదిలించారు. ఆ ఉద్యమం చూసిన తరం ఆవిడది. మద్యం ఎన్ని కాపురాలు కూల్చిందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. అయినా పల్లెటూరి పబ్బును సారా దుకాణంతో ఒకే గాటన కట్టడం అన్యాయం. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకి మద్యం అమ్మడం ఇక్కడ నేరం. పెద్దవాళ్ళు వెంట ఉంటే పిల్లలు వచ్చి భోజనం చెయ్యడానికి చట్టం అడ్డు రాదు. అడిగితే మంచినీళ్ళు ఉచితంగా ఇచ్చి తీరాలి.

చివరికి వెళ్ళాం. బల్ల దగ్గరికి వచ్చి ఎవరూ ఆర్డర్ తీసుకోరు. బల్ల నంబరు చూసుకుని మనమే కౌంటర్ దగ్గరికి వెళ్ళి చెప్పి, డబ్బు కట్టాలి. ఆదివారం కాబట్టి రోస్ట్. కాల్చిన చికెన్, పైన కరకరలాడుతూ లోపల మెత్తగా ఉండే బంగాళాదుంపలు, గిన్నెలా పొంగిన యార్క్‌షైర్ పుడింగ్ (పేరు పుడింగే కానీ తీపి కాదు, పిండి జారుతో కాల్చేది), దాని నిండా గ్రేవీ. అత్తయ్యగారు శాకాహారి. గ్రేవీ మామూలుగా మాంసం రసంతో చేస్తారు, చేపలు వేయించిన నూనెలోనే చిప్స్ వేయించేవాళ్ళూ ఉంటారు. అందుకే ముందే అడిగాను. కౌంటర్ దగ్గరి అమ్మాయి వంటింట్లోకి వెళ్ళి కనుక్కుని వచ్చి, జీడిపప్పు లాంటి గింజలతో చేసే నట్ రోస్ట్‌కి వేరే గ్రేవీ ఉందని, చిప్స్ మాత్రం వద్దని నిజం చెప్పింది. ఆ మాటతో అత్తయ్యగారికి టెన్షన్ తగ్గింది. పక్క బల్ల కింద ఒక ముసలి కుక్క నిద్రపోతోంది. పిల్లలు హంసల వెంట ఒడ్డు దాకా పరిగెత్తకుండా ఒకరం కాపలా కాయాల్సి వచ్చింది.

మామయ్యగారు నిమ్మరసం సోడా గ్లాసు పట్టుకుని పక్కనే నదిలో పడవల్ని ఎత్తు మార్చి దాటించే లాకుల దగ్గరికి వెళ్ళిపోయారు. ఇరిగేషన్‌లో చేసి రిటైరైన మనిషి, గోదావరి కాలువల మీద లాకులు ఎరిగినవారు. తలుపులు మూసి నీళ్ళు నింపుతుంటే పడవ పైకి లేవడం చూస్తూ లాకు కీపర్‌తో మాటల్లో పడ్డారు. వచ్చీరాని ఇంగ్లీషులోనే తలుపుల ఎత్తు, వరద రోజులు, పూడిక గురించి గంటసేపు చెప్పుకున్నారు. ఈ దేశంలో ఆయనతో ఒక ఊరివాడు కూర్చుని మాట్లాడటం అదే మొదలు. మా ఇంట్లో సోఫా మీద కూర్చుంటే అది జరిగేది కాదు.

ఇలాంటి చోట్లు ఎందుకు మూతపడుతున్నాయి? సూపర్‌మార్కెట్లో బీరు చవక. కరెంటు, గ్యాస్ బిల్లులు, బిజినెస్ రేట్లు (వ్యాపార స్థలాల మీద వేసే పన్ను) పెరిగాయి. పబ్బులో వేడి భోజనం మీద 20 శాతం వ్యాట్ పడుతుంది, అదే సూపర్‌మార్కెట్లో కొన్న సరుకుల్లో చాలావాటి మీద వ్యాటే లేదు. 2025లో రోజుకి ఒకటికి పైగా పబ్బులు మూతపడతాయని బ్రిటిష్ బీర్ అండ్ పబ్ అసోసియేషన్ అంచనా వేసింది. ఆక్స్‌ఫర్డ్ దగ్గరి వోల్వర్‌కోట్‌లో ట్రౌట్, బిన్సీలో పెర్చ్ లాంటి పేరుపడ్డ పబ్బుల సంగతి వేరు. నది వెంట సాగే థేమ్స్ పాత్ అనే నడకదారి మీద నడిచేవాళ్ళు తప్ప బయటివాళ్ళు ఎరగని చిన్నవాటికే కష్టం.

మన చేతిలో ఏముందంటే, చాలానే ఉంది. 2017 నుంచి ఇంగ్లండ్‌లో పబ్బును కూల్చాలన్నా, ఇంకోలా మార్చాలన్నా ప్లానింగ్ అనుమతి ఉండాల్సిందే. ఆ అర్జీ మీద అభ్యంతరం ఎవరైనా రాయొచ్చు, పౌరసత్వంతో పని లేదు. 2011 నాటి లోకలిజం చట్టం ప్రకారం పబ్బును ఊరి ఉమ్మడి ఆస్తిగా గుర్తించమని స్థానిక ఓటర్లు కనీసం 21 మంది బృందంగా ఏర్పడి కౌన్సిల్‌ని కోరవచ్చు. గుర్తింపు వస్తే, యజమాని అమ్మదలచినప్పుడు ఊరివాళ్ళు డబ్బు కూడగట్టుకోవడానికి ఆరు నెలల దాకా అమ్మకం ఆపవచ్చు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళం కూడా కామన్వెల్త్ పౌరులుగా ఇక్కడ ఓటరు జాబితాలో చేరవచ్చని మనలో చాలామందికి తెలియదు. ఆ ఇరవై ఒక్కరిలో మనమూ ఉండొచ్చు. ఆక్స్‌ఫర్డ్ దగ్గరే బెక్లీ గ్రామస్థులు వాటాలు వేసుకుని 2017లో తమ పబ్బు అబింగ్డన్ ఆర్మ్స్‌ని కొనుక్కున్నారు.

పబ్బులవాళ్ళకీ ఒక మాట. శాకాహారుల కోసం వేరే నూనె, వేరే గ్రేవీ పెట్టి, ఆ సంగతి బోర్డు మీద రాయండి. నాలుగు తెలుగు కుటుంబాలు కలిసి వస్తే ఆదివారం మధ్యాహ్నం పది, పదిహేను మంది భోజనం చేస్తారు. రాకపోవడానికి ఒక కారణం ఏం తినాలో తెలియకపోవడం.

మా పక్క ఊరి అర్జీకి గడువు ఇంకా ఉంది. నేను అభ్యంతరం పంపాను. ధవళేశ్వరంలో ఉన్న మామయ్యగారు కూడా ఆన్‌లైన్లో రాశారు, ఆ లాకు దగ్గరి సంగతే రాశారట. ఈ దేశంలో ఏటి ఒడ్డున ఎక్కడున్నా, మీ ఊరి పబ్బు తలుపు మీద ప్లానింగ్ నోటీసు కనిపిస్తే ఆగి చదవండి, అందులో ఉన్న అర్జీ నంబరు రాసుకోండి, ఆ రాత్రే కౌన్సిల్ వెబ్‌సైట్‌లో నాలుగు మాటలు రాయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఆక్స్‌ఫర్డ్, ఇంగ్లండ్